ముద్ద ఎవరి చేతిది?

ఆనేకల్ బస్టాండు వెనక సందులో మధ్యాహ్నం పన్నెండున్నరయ్యేసరికి ఒక ఇంటి అరుగు ముందు చెప్పులు పేరుకుంటాయి. బోర్డు లేదు. లోపల నాలుగు బల్లలు, ఒక మూల పొయ్యి. జిగణి ఫ్యాక్టరీల కుర్రాళ్లు, తాలూకా ఆఫీసుకు పనిమీద వచ్చిన రైతులు, ఆటోవాళ్లు కూర్చుని ఉంటారు. ఒకరు తెలుగు, ఒకరు కన్నడం, ఒకరు తమిళం. హోసూరు పక్కనే కదా, ఈ ఊళ్లో మూడు భాషలూ ఒకే పూటలో వినబడతాయి. వండే ఆమెను మాత్రం అందరూ అక్కా అనే పిలుస్తారు.

ఎసరు తెర్లగానే అక్క ఉప్పు, గుప్పెడు నూకలు వేస్తుంది. నూక మెత్తబడ్డాక రాగిపిండిని నడిమధ్యన గుట్టలా పోసి కలపకుండా వదిలేస్తుంది. "ఇప్పుడే తెడ్డు పెడితే గడ్డలు కడతాదప్పా, పిండి దానంతట అది ఉడకల్ల" అంటుంది. గుట్ట చుట్టూ నీళ్లు బుడగలు లేస్తూ పిండిని తడుపుతుంటాయి. కాసేపటికి గిన్నె దించి, గుడ్డ చుట్టి రెండు పాదాల మధ్య బిగించి, రెండు చేతులా తెడ్డు పట్టి గెలుకుతుంది. మెడ నరాలు లేస్తాయి. తర్వాత తడి పలక మీద వేసి తడిచేత్తో దొర్లిస్తే నున్నటి ముద్ద. పక్కన బస్సారు: ఆకుకూరలూ అలసందలూ ఉడికించి, ఆ నీళ్లు వంపి, చింతపండు పిండి కాచిన చారు. వంపాక మిగిలిన ఆకూ పప్పూ తాలింపు వేసి నంజుకు పెడుతుంది. ఒక ఉడుకులో రెండు వంటకాలు. కొత్తవాళ్లు ముద్దను నములుతుంటే నవ్వి, "నమిలేది కాదప్పా, మింగేది" అంటుంది.

ఆ పళ్లెం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాగి పుట్టింది ఇథియోపియా, ఉగాండా ఎత్తుభూముల్లో. అలసంద ఆఫ్రికాది. హిందూదేశపు ఖర్జూరమని అరబ్బులు పేరుపెట్టిన చింతచెట్టు కూడా మొదట ఆఫ్రికాదే. జొన్న, సజ్జ, ఆముదం అన్నీ ఆ ఖండం నుంచి వేల ఏళ్ల కిందట మనకు చేరినవే. అదే ఖండం నుంచి మూడు, నాలుగు వందల ఏళ్ల కిందట ఓడల్లో గొలుసులతో అమెరికాకు చేరిన మనుషులు తమ వెంట వరి, అలసంద, బెండ, నువ్వుల వంటలు తీసుకువెళ్లారు. అక్కడ ఆ వంటను కాపాడిన నల్లజాతి ఆడవాళ్ల గురించి ఇప్పుడు పుస్తకాలున్నాయి, వాదోపవాదాలున్నాయి, చట్టాలూ ఉన్నాయి. ఇక్కడ మన మెట్టపొలాల వంటను కాపాడినవాళ్లెవరు? వాళ్లకు దక్కిందేమిటి? ఇప్పటిదాకా జరిగిన పనినంతా ఒకచోట పెట్టి తూచే ప్రయత్నమే ఈ వ్యాసం.

చేట సాక్ష్యం

ముందు ఆ ఒడ్డు సంగతి. అమెరికా ఆగ్నేయ తీరంలో ఉత్తర కరొలైనా నుంచి ఫ్లోరిడా దాకా లంకల్లో, చిత్తడి నేలల్లో ఉండే నల్లజాతి సమాజాన్ని గల్లా గీచీ అంటారు. వాళ్ల పూర్వీకుల్లో చాలామందిని పశ్చిమాఫ్రికాలో వరి పండే తీరం నుంచి బానిసలుగా తెచ్చారు. కరొలైనా తెల్ల భూస్వాముల సంపదకు మూలం వరి. ఆ వరి సాగు తెలివి ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా గట్టిగా లేవలేదు. 1974లో పీటర్ వుడ్, 2001లో 'బ్లాక్ రైస్' రాసిన జూడిత్ కార్నీ ఆ తెలివి ఆఫ్రికన్లదేనని, అందులోనూ నాటడం, దంచడం, చెరగడం చేసిన ఆడవాళ్లదని వాదించారు. 2007లో ఎల్టిస్, మోర్గాన్, రిచర్డ్‌సన్ అనే చరిత్రకారులు ఓడల లెక్కలు ముందుపెట్టి, ఆ వాదం మోతాదు మించిందన్నారు. చర్చ ఇంకా తెగలేదు.

తెగని ఆ చర్చలో నాకు నచ్చిన సాక్షి ఒక చేట. గల్లా ఆడవాళ్లు గడ్డితో చుట్లు చుట్లుగా అల్లిన వెడల్పాటి పళ్లెంలాంటి చేటతో వరి చెరిగేవారు. అలాంటి అల్లిక సెనెగల్, సియెర్రా లియోన్ ప్రాంతాల్లో ఉంది. ఓడ ఎక్కించినవాళ్లు ఆమె ఒంటి మీది బట్ట లాక్కోగలిగారు గానీ మణికట్టు తిప్పే తీరును లాక్కోలేకపోయారు. రాతలేనివాళ్ల చరిత్ర వాళ్ల పనిముట్లలో ఉంటుందని అక్కడి పండితులు ఒప్పుకోవడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆనేకల్ చుట్టుపక్కల డిసెంబరులో రాగి కంకులను తారురోడ్ల మీద పరిచి బండ్ల చక్రాల కింద నలిపించి, ఆడవాళ్లు గాలివాటు చూసి చేటతో తూర్పారబడుతుంటారు. కార్లవాళ్లు హారన్ కొట్టి పోతారు. ఆ చేటను సాక్షిగా మనం ఇంకా బోనెక్కించలేదు.

కూడు, బువ్వ, అన్నం

మన భాషలో తిండి పేర్లలోనే అంతస్తులున్నాయి. అన్నం వేరు, బువ్వ వేరు, కూడు వేరు, గంజి వేరు. జొన్నకూడు అంటాం గానీ జొన్నన్నం అనడానికి నోరు అంతగా తిరగదు. పల్నాడుకు పోయిన శ్రీనాథుడు అక్కడి జొన్నకూడును చాటువుల్లో వెక్కిరించాడని చెప్పుకుని ఆరువందల ఏళ్లుగా నవ్వుకుంటున్నాం. ఆ జొన్న దంచిన ఆడమనిషి ఆ చాటువు విని ఏమనుకునేదో ఎవరూ అడగలేదు. కన్నడ దేశంలో ఆ అడిగే పని పదహారో శతాబ్దంలో కనకదాసు చేశాడు. ఆయన 'రామధాన్య చరితె'లో వరికీ రాగికీ తగవొస్తుంది. రాముడు రెంటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. తీర్పు రాగిదే. పాతరలో పోసిన రాగులు ఏళ్లకేళ్లు పురుగు పట్టకుండా ఉంటాయన్న రైతు అనుభవాన్ని ఆయన కావ్యం చేశాడు. వరి తినే కులాలకూ రాగి తినే కులాలకూ నడిచిన తగవును కూడా చేశాడని విమర్శకులు చదువుతారు.

కావ్యంలో రాగి గెలిచినా విస్తట్లో వరే గెలిచింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, కాదనలేం. కానీ మెట్టప్రాంతాల్లో జొన్నచేలు బీడు పడటానికి అది కూడా ఒక కారణం. అప్పటిదాకా వరన్నం పండగపూట తిండి. అది రోజుకూడు అయ్యాక సంకటి, గటక, అంబలి లేనోళ్ల తిండిగా ముద్రపడ్డాయి. బడికి సద్ది తెచ్చిన పిల్ల మూత సగమే తీసి తినేది. వంట చచ్చిపోవడానికి రుచి లేకపోవడం అక్కర్లేదు, సిగ్గు చాలు.

గింజ దారి

ఈ సిగ్గును ఎదుర్కొన్న మొదటి పెద్ద ప్రయత్నం జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో జరిగింది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు కట్టించింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఉన్నది ఎకరం, రెండెకరాల చవుడు, రాళ్ల నేల. అందులో ఒకే పంట కాకుండా జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అలసంద, అనుము, నువ్వు, పుంటికూర కలిపి ఎకరంలో ఇరవై రకాల దాకా వేశారు. వాన మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఆ ఏదో ఒకటి ఇంట్లో పొయ్యి ఆరకుండా చూస్తుంది.

ఈ పనిలో రెండు విషయాలు నన్ను బాగా ఆకట్టుకున్నాయి. ఒకటి విత్తనం. వెదురు బుట్టలకు మట్టి అలికి, బూడిద, వేపాకు కలిపి గింజలు దాచారు. అమ్మలేదు. సంఘం నుంచి తీసుకున్నవాళ్లు పంట వచ్చాక అంతకు మించి కొలిచి తిరిగి ఇవ్వాలి. బిడకన్నె సమ్మమ్మలాంటివాళ్లు ఒక్క ఇంట్లో ఎనభై దాకా రకాల విత్తనం కాపాడారు. రెండోది రేషను. తొంభైల నడిమిలో ఈ ఆడవాళ్లు బీడునేలలు దున్నించి, సాగుకు అప్పులిచ్చి, ఆ బాకీని జొన్నల రూపంలో వసూలు చేసి, ఊరి గాదె నింపారు. ఆకలి నెలల్లో ఆ జొన్నలు ఎవరికివ్వాలో తేల్చడానికి నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేసి, ఎవరింట ఎంత లేమి ఉందో అందరి ముందూ గుర్తులు పెట్టారు. బీపీఎల్ జాబితా తాలూకా ఆఫీసులో తయారైతే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఈ ముగ్గు విలువ తెలుస్తుంది.

ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద గింజల బుట్టలు అలంకరించి ఊరూరా తిరిగే పాత పంటల జాతర, 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో మొదలై జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ గొంతులతో నడిచిన సంఘం రేడియో, 2019లో వచ్చిన ఈక్వేటర్ బహుమతి ఈ కథలో తెలిసిన మజిలీలే. తెలియనిది ఇంకొకటుంది: చేలగట్ల మీద ఎవరూ వేయకుండా మొలిచే ఆకులు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, పొన్నగంటి, గునుగు, తెల్ల గలిజేరు. వ్యవసాయశాఖ పుస్తకంలో ఇవి కలుపుమొక్కలు. ఆ ఆడవాళ్ల లెక్కలో కూరలు. ఆనేకల్ అక్క బస్సారులో వేసేదీ ఇలాంటి కలగలుపే, కన్నడంలో బెరకె సొప్పు అంటారు. పొలానికి గడ్డిమందు కొడితే ముందు చచ్చేది ఈ కూర.

ఆనేకల్‌కు దగ్గర్లోనే తళి, డెంకణికోట కొండ ఊళ్లలో, కనకపుర ప్రాంతంలో వనజా రాంప్రసాద్ మొదలుపెట్టిన గ్రీన్ ఫౌండేషన్ కూడా ఆడవాళ్ల చేత ఇలాగే రాగి రకాల విత్తన నిధులు నడిపించింది. శ్రీకాకుళం ఏజెన్సీలో చిరుధాన్యాల సాగు తిరిగి తెచ్చిన సవర మహిళ పడాల భూదేవికి 2019 సంవత్సరపు నారీశక్తి పురస్కారం వచ్చింది. గింజ దారిలో మనవాళ్లు గల్లా వాళ్లకంటే ముందున్నారనే నా అంచనా. సెపెలో లంకలో కార్నేలియా వాకర్ బెయిలీ 2017లో చనిపోయే ముందు తమ ఎర్ర అలసంద పంటను తిరిగి నిలబెట్టడానికి పడ్డ పాటు, జహీరాబాద్‌లో మూడు దశాబ్దాల ముందే వందల కుటుంబాలు కలిసి పడ్డాయి. లోటు ఒకటే: ఈ కథ చెప్పేటప్పుడు పత్రికలు సంస్థ పేరు, 2023లో చనిపోయిన దాని సారథి పి.వి. సతీష్ పేరు రాసినంత ఇదిగా సంఘం ఆడవాళ్ల పేర్లు రాయలేదు. ఆయన కెమెరాలూ మైకులూ వాళ్ల చేతికే ఇచ్చినా, మన కలాలు మాత్రం అలవాటు మార్చుకోలేదు.

అక్షరం దారి

వంటను పుస్తకంలోకి ఎక్కించడంలో మాత్రం నల్లజాతి ఆడవాళ్లు చాలా ముందున్నారు. 1866లోనే మలిండా రస్సెల్ అనే ఆమె వంటపుస్తకం అచ్చయింది. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆబీ ఫిషర్ పుస్తకం వచ్చింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. తాను చెబుతుంటే ఇతరులు రాసుకున్నారు. 1970లో వర్టమే స్మార్ట్ గ్రావ్‌నర్, 1976లో ఎడ్నా లూయిస్ వంటలతోపాటు ఊరినీ, మనుషులనూ, ఋతువులనూ రాశారు. 2022లో ఎడిస్టో లంకకు చెందిన ఎమిలీ మెగెట్ తన 89వ ఏట గల్లా గీచీ వంటల పుస్తకం తెచ్చింది. అప్పటిదాకా కొలతలు ఆమె చేతిలోనే ఉన్నాయి, కాగితం మీద లేవు. మరుసటి ఏడే ఆమె పోయింది. ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో! నల్లజాతి వంటపుస్తకాలన్నీ ఏరి కూర్చిన టోనీ టిప్టన్ మార్టిన్ 2015లో తన గ్రంథానికి 'ద జెమైమా కోడ్' అని పేరుపెట్టింది. తలగుడ్డ కట్టి నవ్వే నల్ల వంటమనిషి బొమ్మ వెనక నిజమైన వంటగత్తెలెందరు దాగిపోయారో చెప్పడం ఆమె ఉద్దేశం.

మన దేశంలో ఈ పని ఆలస్యంగా మొదలైంది, అదీ మహారాష్ట్రలో. 2009లో పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు కలిసి దళితుల తిండి జ్ఞాపకాలు సేకరించి, ఈ పళ్లెం భారతీయం కాదా అని అడిగారు. 2015లో షాహూ పాటోళె 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న మాటకు అది ఎదురుప్రశ్న. 2024లో ఆంగ్లంలోకి వచ్చాక గానీ దానికి దేశవ్యాప్తంగా పేరు రాలేదు.

తెలుగులో దళిత స్త్రీల వంటకు విడిగా ఇంత పేరు తెచ్చుకున్న పుస్తకం కనబడదు. కానీ తిండి మన దళిత స్త్రీల కథల్లో, కవితల్లో నిండా ఉంది. జాజుల గౌరి కథల సంపుటి పేరే 'మన్నుబువ్వ'. జూపాక సుభద్ర కూర్చిన మాదిగ కవితా సంకలనం పేరు 'కైతునకల దండెం'. మాంసాన్ని సన్నగా కోసి దండెం మీద ఆరేసి, ఎండిన తునకలను వానాకాలానికి దాచుకోవడం తెలిసినవాళ్లకే ఆ పేరు తడుతుంది. ఒక వంట పద్ధతి మొత్తాన్ని రెండు మాటల్లో కవిత్వానికి ఉపమానం చేసిన ఘనత అది. అంటే మనకు మూలసరుకు లేక కాదు, దాన్ని వంటచరిత్రగా చదివే అలవాటు లేక.

అక్షరం కంటే ముందు బొమ్మ పరిగెత్తింది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన కర్రె మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో పొలంగట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే మునిమనవడు తీసిన వీడియోలు యూట్యూబ్‌లో లక్షలమంది చూశారు. గోళ్లతో అల్లం తొక్కు తీసే ఆమె తీరు ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోతే విదేశీ పత్రికలూ రాశాయి. పళ్లులేని ఆ నవ్వు వెనక ఉన్న బతుకును ఎవరైనా కూర్చుని ఆబీ ఫిషర్ చేత చెప్పించినట్టు చెప్పించి రాసుకుని ఉంటే తెలుగు వంటచరిత్రకు ఒక గట్టి పుస్తకం మిగిలేది.

అన్నీ దాచుకోవాలా?

వారసత్వం అనగానే అంతా మంచిదనే భ్రమ కలుగుతుంది. నల్లజాతివాళ్లలో దీని మీద గట్టి తగాదా నడిచింది. పంది పేగుల కూర యజమాని పారేసింది ఏరుకుని వండినది, దాన్ని గర్వంగా తినడమేమిటని నల్లజాతి నాయకుడు ఎలైజా ముహమ్మద్ లాంటివాళ్లు కోప్పడ్డారు. ఆ పారేసిన ముక్కకే రుచి పట్టించిన మా అమ్మమ్మల తెలివిని ఎలా వదులుకుంటామని ఇంకొందరన్నారు. మన బోటికూర, నల్లవేపుడు, ఎండుతునకల విషయంలో సరిగ్గా ఇదే తగాదా ఉంది. 1927 మార్చిలో మహాడ్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం, ఎంగిలి మెతుకులు మానేయమని తనవాళ్లకు చెప్పాడు. అది ఆత్మగౌరవం మాట. తర్వాతి తరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు 2012లో పెద్దకూర పండగ చేసినప్పుడు అదీ ఆత్మగౌరవం మాటే. రెండూ ఒకదానికొకటి ఎదురు కాదు. ఒకరు పెట్టింది తినడం మానేయమన్నాడాయన. తమకిష్టమైంది తింటామన్నారు వీళ్లు.

ఇక్కడొక తేడా గమనించాలి. రాగికి, కొర్రకు ఇవాళ వారసత్వ గౌరవం దక్కింది. తునకకు దక్కలేదు. పైగా 2021 నుంచి కర్ణాటకలో అమల్లో ఉన్న చట్టం పదమూడేళ్లు దాటిన గేదెను తప్ప ఏ పశువునూ కోయనివ్వదు. ఒకే పొయ్యి మీద ఉడికిన రెండు గిన్నెల్లో ఒకదానికి దండ, ఒకదానికి తాళం పడ్డాయి. ఏది వారసత్వమో తేల్చే అధికారం వండినవాళ్ల చేతిలో లేదని చెప్పడానికి ఇంతకంటే రుజువక్కర్లేదు.

చాకిరీ మాట కూడా దాచకూడదు. సామలు, కొర్రలు తగ్గిపోవడానికి బియ్యం ఎంత కారణమో, వాటి పొట్టు రోకలితో దంచి తీయలేక ఆడవాళ్లు విసిగిపోవడం అంత కారణం. చలికాలంలో ఆనేకల్ నుంచి చిత్తూరు దాకా ఇళ్లలో అనపకాయల కాలం. గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి తోలు జార్చితే పితికిన పప్పు. కిలో పప్పుకు ఎన్ని వేల నొక్కుళ్లో! బెంగళూరులో ఏటా జరిగే అవరె మేళాలో ఈ పప్పుతో దోసె నుంచి జిలేబీ దాకా అమ్ముతారు. తినేవాళ్లు రుచి పొగుడుతారు. పితికి పితికి నానిన వేళ్లు ఎవరివో అడగరు. పాత వంట గొప్పదని రాసేవాళ్లందరూ ఒక గంట అనపకాయలు పితికి ఆ తర్వాత రాస్తే మంచిది.

అంగడి దారి, సర్కారు దారి

2018ని కేంద్రం చిరుధాన్యాల సంవత్సరం అంది. 2023ని ఐక్యరాజ్యసమితి అంది. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారానికి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. షుగరు, బీపీ ఉన్న పట్నం మధ్యతరగతి ఆయన మాట విని కొర్రలు కొన్నది. రాగుల్లో నూరు గ్రాములకు మూడువందల యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుందన్న సంగతి ఇప్పుడు ప్రతి ప్యాకెట్టు మీదా ఉంది. మంచిదే. 2025-26కు రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, అంటే కిలో 49 రూపాయల లోపు. అదే రాగి పిండై, పొట్లమై, బిస్కటై మాల్‌కు చేరాక ధర ఎంతవుతుందో పాఠకులకు తెలుసు. ఆ తేడాలో చెరిగిన చేటకు, గెలికిన తెడ్డుకు వాటా లేదు. అమెరికాలో ఆంట్ జెమైమా బొమ్మతో పాన్‌కేక్ పిండి 130 ఏళ్లకు పైగా అమ్ముడుపోయింది. 2020లో నల్లజాతి ఉద్యమం ఉప్పొంగాక గానీ కంపెనీ ఆ పేరు తీసేస్తామనలేదు. బొమ్మ పోయింది, ఆ బొమ్మ మీద గడించింది పోలేదు.

అంగడినే ఆయుధం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1955లో మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ జరిగినప్పుడు జార్జియా గిల్మోర్ అనే వంటామె తోటి ఆడవాళ్లతో కలిసి కేకులూ వేపిన కోడీ అమ్మి ఉద్యమానికి డబ్బిచ్చింది. డబ్బెక్కడిదని అడిగితే ఎక్కడినుంచీ కాదని చెప్పడానికి వీలుగా ఆ బృందానికి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని పేరుపెట్టుకున్నారు. ఉద్యోగాలు పోకుండా పేర్లు దాచుకోవడం అప్పటి అవసరం. పేరు దాచుకోవడం వేరు, పేరు దక్కకపోవడం వేరు.

సర్కారు వంటగదిలో ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఎదురవుతుంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన భోజనం పెట్టమంది. 2004 ఏప్రిల్‌లో వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమంది. ఇవి మామూలు ఉత్తర్వులు కావు. తరతరాలుగా ఎవరి చేతికూడు ముట్టమన్నారో వాళ్ల చేతనే ఊరి పిల్లలకు అన్నం పెట్టించే ఉత్తర్వులు. ఇరవై ఏళ్ల తర్వాత, 2025 జూన్‌లో చామరాజనగర జిల్లాలో ఒక బడిలో ప్రధాన వంటామె దళితురాలైనందుకు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించిన వార్త వచ్చింది. రాగి ముద్దకు పంచనక్షత్ర హోటల్లో పీట వేసిన రాష్ట్రంలోనే ఇది జరిగింది. వంటకాన్ని నెత్తిన పెట్టుకుని వండిన మనిషిని గడప బయట నిలబెట్టడం మనకు ఇంకా సాధ్యమవుతూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ బడిభోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అన్నదాత్రి పేరు నిలిచింది, సంతోషం. రోజూ పొగలో ఆ భోజనం వండే వేలమందికి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. రెండు మాటల్లోనూ ఎంత ఉందో వాళ్లకే తెలుసు.

కాలికింది నేల

గింజ, అక్షరం, అంగడి, సర్కారు. ఈ నాలుగు దారులూ చివరికి ఒక చోట కలుస్తాయి: నేల. దక్షిణ కరొలైనాలో హిల్టన్ హెడ్ అనే లంకకు 1956లో వంతెన పడింది. ఆ మరుసటి ఏడు నుంచే రిసార్టులు మొదలయ్యాయి. గల్లా కుటుంబాల భూములు చాలావరకు వీలునామాలు లేకుండా వారసులందరికీ ఉమ్మడిగా వచ్చినవి. ఒక వారసుడి వాటా కొని కోర్టుకెళితే మొత్తం నేల వేలానికి వచ్చేది. అలా పోయిన నేలతోపాటు కూరతోట, చేపలరేవు, ఎండ్రకాయల మడుగు పోయాయి. 2006లో అమెరికా కాంగ్రెసు గల్లా గీచీ సంస్కృతి తీరాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. 2023 సెప్టెంబరులో సెపెలో లంకలో పెద్ద పెద్ద ఇళ్లకు స్థానిక కౌంటీ అనుమతినిచ్చింది. బోర్డు ఒకచోట, బుల్డోజరు ఒకచోట.

ఆనేకల్ పాఠకుడికి ఈ కథ కొత్తది కాదు. 1978లో ఎలక్ట్రానిక్ సిటీ, తర్వాత బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడలు, 2010లో ఎత్తైన ఫ్లైఓవరు, 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో. ప్రతిసారీ ఎకరం ధర పెరిగింది, రాగిచేను తగ్గింది. అక్కడి లేఅవుట్ల పేర్లలో మేడోలు, గ్రీన్‌లు ఉంటాయి గానీ చేలుండవు. దళితులకు సర్కారిచ్చిన భూములు చేతులు మారకుండా కర్ణాటకలో 1978లోనే చట్టముంది. అమ్ముకున్న భూమిని తిరిగి అడగడానికి గడువు అడ్డురాకుండా 2023లో దాన్ని సవరించారు. వంట గురించిన వ్యాసంలో ఈ చట్టమెందుకంటే, రాగిసాళ్ల మధ్య అనుము, కంది, ఆవాలు, వెర్రినువ్వులు వేసుకునే, కన్నడంలో 'అక్కడి సాలు' అనే పద్ధతి ఎకరం సొంతంగా ఉన్న ఇంట్లోనే బతుకుతుంది. ఆ నేల లేఅవుటైతే బెరకె సొప్పు మార్కెట్లో దొరకదు. అది ఎవరూ వేయని పంట కదా.

తూచాక

నాలుగు దారుల్లో గింజ దారి గట్టిది, ఎందుకంటే అందులో ఆడవాళ్ల చేతికి అధికారం వచ్చింది. అక్షరం దారిలో మనం వెనకబడ్డాం, కానీ ఆ లోటు తీర్చడం మన చేతుల్లో ఉంది. అంగడి రుచిని కాపాడింది, మనిషిని కాదు. సర్కారు ఉత్తర్వు మంచిది, అమలు పిరికిది. ఇక పేరు దక్కడం సంగతి. మాండ్య పరిశోధనా కేంద్రంలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త మన రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి కొత్త రకాలు పుట్టించి, వాటికి ఇండియా, ఆఫ్రికా పేర్లు కలిపి ఇండాఫ్ అని పేరుపెట్టాడు. దిగుబడి పెరిగింది. గింజకు రెండు పుట్టిళ్ల పేర్లూ దక్కాయి. వండే ఆడమనిషికి ఒక్క పేరైనా దక్కాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

వంటామెకు జీతం, సాగుచేసే ఆమె పేర పట్టా, బడి వంటగదిలో దళిత స్త్రీకి రక్షణ. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి, అడుగుతూనే ఉండాలి. పాఠకులు చేయగలిగింది ఇంకొకటుంది. మీ ఇంట్లోనో, మీ వాడలోనో కొలతలు చేతిలో దాచుకున్న పెద్దామె ఒకరుంటారు. ఒక నోటుబుక్కు తీసుకుని వెళ్లండి. ఆమె చెబుతుంటే ఆమె మాటల్లోనే రాయండి, దిద్దకండి. చివర ఆమె పేరు, ఊరు, ఆ గింజ పండిన చేను ఎక్కడుందో, ఇప్పుడది ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి.